నలభై ఒకటో విస్తరి

మొదటి విస్తరిలో అన్నం పెట్టి నడుము ఎత్తేసరికి బాలనర్సమ్మకు వాడు కనబడ్డాడు. జనగామ బస్టాండు దాటాక, హైదరాబాదు పోయే రోడ్డుకు అడ్డంగా రాళ్ళ పొయ్యిలు పెట్టి పొద్దుటి నుంచి వండారు వాళ్ళ ఊరి ఆడవాళ్ళు. సకల జనుల సమ్మె మొదలై నెల దాటింది. ఈ రోజు వంటావార్పు వంతు వాళ్ళది. వండింది రోడ్డు మీదే వడ్డించాలి, వచ్చినవాళ్ళు ఎవరైనా ఆ బంతిలోనే కూర్చుని తినాలి, అదీ పద్ధతి. ఆ బంతికి అటు చివర, ఆగిపోయిన లారీ నీడలో, డాక్టర్ జగన్మోహన్ ప్యాంటు మోకాళ్ళ దగ్గర పైకి లాక్కుని బాసింపట్టు వేస్తున్నాడు. మెడలో కండువా కొత్తది, మడతలింకా విడలేదు. ఎదురుగా టీవీ మనిషి కెమెరా భుజానికెత్తుకుని ఒక మోకాలు రోడ్డుకు ఆనించాడు. బాలనర్సమ్మ చేతిలో గరిటె ఆగలేదు, ఆగితే ఎవరైనా ఏమైందని అడుగుతారు. కళ్ళు మాత్రం ఒక్కో విస్తరి మీదా అడుగేసుకుంటూ ఆ చివరిదాకా వెళ్ళొచ్చాయి. నలభై ఒక్క విస్తర్లు. నలభై ఒకటోది వాడిది.

వెనకాలే పప్పుచారు బకెట్‌తో కోడలు రజిత వస్తోంది. సగం బకెట్టే. నిండు బకెట్ మోసే నడుము కాదు ఇప్పుడా పిల్లది. ఇరవై ఏడేళ్ళకే కింద కూర్చుంటే చెయ్యి ఆనించి లేవాలి, కూర్చున్నచోటే ఒళ్ళంతా ఆవిర్లు ఎగసి చెమటలు పోస్తాయి. ఆమె వెనక తొక్కు గిన్నెతో వాళ్ళ ఊరి గట్టమ్మ. రజిత కూడా చూసినట్టే ఉంది, గంటె బకెట్ అంచుకు ఠంగున తగిలింది.

"అత్తమ్మా."

"చూసిన బిడ్డా."

"ఒక్క మాట గూడ అనద్దు. నా బిడ్డ నెత్తి మీద చెయ్యి వెట్టి ఒట్టేసినవ్."

"అనను తియ్యి."

అననంది గానీ లోపల అప్పటికే అంటూనే ఉంది. నీ చేతులకు పుండ్లు పుట్ట, నీ నోట్లో మన్ను పడ, నీ ఇంట్లో దీపం పెట్టే దిక్కు లేకపోను అని, ఒక్కో గరిటెకు ఒక్కో తిట్టు, నల్లకోటు వకీలు విస్తరిలో ఒకటి, బడి బందు పెట్టిన పంతులమ్మ విస్తరిలో ఒకటి. పాపం వాళ్ళకేం తెలుసు, పొగలు కక్కే అన్నం అనుకుంటున్నారు. ఎండాకాలం నుంచీ ఈ మనిషి ఎదురుపడే రోజు కోసం చూసింది ఆమె. చూసి చూసి, ఎదురుపడితే ఏం చెయ్యాలో కూడా వంద రకాలుగా అనుకుంది. పత్తి ఏరుతూ అనుకుంది, గేదెకు కుడితి పెడుతూ అనుకుంది. కుడితి కాదు, మరిగే గంజి వాడి ఒళ్ళో కుమ్మరించాలనుకుంది. వాడి దవాఖాన మెట్ల మీద నిలబడి దోసిళ్ళతో దుమ్మెత్తి పోయాలనుకుంది. తీరా ఎదురుపడ్డ రోజున గంజి లేదు, దుమ్ము లేదు, తారు రోడ్డు. పైగా నెత్తి మీద ఒట్టు.

మూడేళ్ళ కింద ఆ దవాఖాన గోడ మీద నవ్వే తెల్లపిల్లవాడి బొమ్మ ఉండేది, నీలం కళ్ళు. కంప్యూటర్ స్కానింగ్ కలదు అని రాసి ఉందని రజితే చదివి చెప్పింది. ఆ పిల్ల ఏడో తరగతి దాకా తెలుగు చదువుకుంది. అప్పటికి తెల్లబట్టతో, పొత్తికడుపు నొప్పితో నెల రోజులుగా బాధపడుతోంది, పత్తి చేలో సగం సాలు ఏరేసరికి కూలబడిపోయేది. లోపలికి వెళ్తే చల్లటి గది. పొట్ట మీద చల్లని జిగురేదో పూసి యంత్రం అటూ ఇటూ రుద్దాడు, చిన్న టీవీలో వాన కురిసినట్టు ఏదో కదిలింది, అంతలోనే ఆర్పేశాడు. పక్కగదిలోకి వెళ్ళి నున్నటి కాగితం ఒకటి తెచ్చి లైటుకు ఎత్తిపట్టాడు. "ఇదిగోనమ్మా, ఈ నల్లటి మచ్చ చూశారా? గర్భసంచి పూర్తిగా పాడైపోయింది. ఇప్పుడు తొలగించకపోతే క్యాన్సర్‌గా మారుతుంది. ఆరు నెలలు, అంతే." పుస్తకంలోంచి చదివినట్టు, ఒక్క అక్షరం జారకుండా అన్నాడు. "ఏంది సారూ, తెల్లబట్టకే గింత అయితదా?" అని ఆమె అడిగితే నర్సు వైపు తిరిగి, "గింత అయితదా, గంత అయితదా" అని ఆమె గొంతు పెట్టి నవ్వాడు. నర్సూ నవ్వింది. ఆశ్చర్యమేమిటంటే బాలనర్సమ్మ కూడా నవ్వింది. డాక్టరు నవ్వితే నవ్వాలి కాబోలు అనుకుంది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ తన పెదాలు తానే కొరికేసుకోవాలనిపిస్తుంది. ఇప్పుడు చూడు వాడిని, టీవీ మనిషి గొట్టం ముందు ఏమంటున్నాడో ఇక్కడికి వినబడుతోంది: "మా యాస, మా గోస గీళ్ళకెట్ల తెలుస్తదన్నా, మమ్ములను గిన్నేండ్లు ఎక్కిరించిండ్రు." ఎవరు వెక్కిరించారురా నిన్ను? ఎవరు?

పన్నెండో విస్తరి. కాలేజీ పిల్ల, చేతికి గోరింటాకు. "చాలు అవ్వా, చాలు" అంటోంది. తిను బిడ్డా, సంచి నిండా తిను, అనుకుని నాలుక కరుచుకుంది. సంచి.

ఆమె తల్లి మంత్రసాని. చుట్టుపక్కల ఊళ్ళలో సగం మంది ఆ తల్లి చేతుల్లో భూమ్మీద పడ్డవాళ్ళే. ఆముదం రాసుకున్న అరచేతిని పొట్ట మీద పరిచి కళ్ళు మూసుకునేది, బిడ్డ అడ్డం తిరిగిందో నిలువుగా ఉందో, నీరు ఎక్కువుందో తక్కువుందో, లోపల గడ్డ ఉందో లేదో చెప్పేది. తన వల్ల కాదనుకుంటే బండి కట్టించి పెద్ద దవాఖానకు తోలేది, బడాయికి పోయేది కాదు. బాలనర్సమ్మకు బడి లేదు గానీ ఆ చెయ్యి వచ్చింది. యంత్రం దగ్గరికి వెళ్ళే ముందురోజే రజిత పొట్ట మీద ఆ చెయ్యి పరిచి చూసింది. మెత్తగా, పిండి ముద్దలా ఉంది. గడ్డ లేదు, బిగువు లేదు. ఏం లేదు బిడ్డా అని చెప్పింది కూడా. మరునాడు ఆ నున్నటి కాగితం చూశాక తన చేతిని తాను నమ్మలేదు. ఎందుకు నమ్ముతుంది? అక్క గుర్తొచ్చింది. సంచిలో గడ్డ పుట్టి, ముదిరి, చివరి నెల రోజులు ఊరంతా వినబడేట్టు అరిచి అరిచి పోయిన అక్క. అప్పుడు కూడా ఈ చెయ్యే, ఏం లేదే అక్కా అంది. చెయ్యి ఒకసారి తప్పింది, యంత్రం తప్పదు. యంత్రానికి చుట్టాలు లేరు, భయం లేదు, అది ఎందుకు అబద్ధం చెబుతుంది? రజిత మంచం పట్టీ పట్టుకుని, "ఇంకొక్క పిల్లనన్న కావాలె అత్తమ్మా, జర ఆగుదాం, మా మానుకోట దవాఖానల గూడ జూపిద్దాం" అంది. "ఉన్న పిల్లకు తల్లి లేకుంట జేస్తవా?" అని కసిరింది తను. కొడుకు శ్రావణ్ ఆటో పట్టుకుని వరంగల్ వెళ్ళాడు ఆ రోజు, వాడొచ్చేదాకా కూడా ఆగలేదు. ఆపరేషన్ కాగితం మీద వేలిముద్రకు నీలం సిరా పూసిన బొటనవేలు. ఆ వేలే ఇప్పుడు గరిటె కాడను పట్టుకుని ఉంది.

పద్దెనిమిది, పంతొమ్మిది. ఇక్కడ వరుసగా బొగ్గుబాయి వాళ్ళు, భూపాలపల్లి నుంచి వచ్చారు. బాయి బందు పెట్టామని, చెల్పూరులో కరెంటు మిషన్లకు బొగ్గు పోనివ్వడం లేదని మీసాలు తడుముకుంటూ చెబుతున్నారు. "అవ్వా, నీ చేతి అన్నం కమ్మగుంటదని కాటారం దాక చెప్పుకుంటున్నరు" అన్నాడు ఒకడు. "అబద్ధాలాడితె తొక్కు పెట్ట" అంది గట్టమ్మ వెనక నుంచి. నవ్వారు అందరూ. ఇలాంటి అన్నం ఇది. లెక్క లేకుండా ఇల్లిల్లూ తిరిగి అడుక్కొచ్చిన బియ్యం, ఒక ఇంటివి సన్నాలు, ఒక ఇంటివి దొడ్డువి, అన్నీ ఒకే దేగిశలో ఉడికినవి. ఆ అన్నం వాడి కడుపులోకి పోవాలా?

వాడిని టీవీలో కూడా చూసింది. మొన్న వానాకాలంలో అనుకుంటా. నలుగురు నాలుగు గళ్ళలో కూర్చుని ఒకరి మాట ఒకరు విననివ్వకుండా అరుచుకునే చర్చ. సైన్సు గొప్పదా, నమ్మకం గొప్పదా అని. ఒక గడిలో ఉంగరాల జ్యోతిష్యుడు, ఒక గడిలో ఏదో పార్టీ ఆయన, మూడో గడిలో ఎవరో ఆవిడ, నాలుగో గడిలో వీడు. "పల్లెల్లో ఇంకా మంత్రసానుల మాట వినే మూఢత్వం పోవాలండీ, శాస్త్రీయ దృక్పథం రావాలి" అంటున్నాడు. నిజమే కదా అని ఆమెకే ఒక క్షణం అనిపించింది, అంత బాగా చెప్పాడు. ఆ వెంటనే మొహం తెల్లబడే క్రీము వచ్చింది, తర్వాత మోకాళ్ళ నూనె, తర్వాత సగం ధరకు మిక్సీ. అన్నీ ఒకే గొంతుతో చెబుతారు టీవీలో. క్రీము రాసుకోకపోతే పెళ్ళి కాదని, నూనె కొనకపోతే నడవలేవని, సంచి తీయించుకోకపోతే చస్తావని. ముందు భయం అమ్ముతారు, ఆ వెనక సరుకు. సైన్సుకు ఆమె ఏమీ శత్రువు కాదు. ఆ సైన్సు పేరు పెట్టుకుని వీడు ఏం అమ్మాడన్నదే ఆమె గొడవ.

ఈ ఎండాకాలం వరకూ, వాడు నకలు తీసి ఇచ్చిన ఆ నున్నటి కాగితం ఇంట్లో పెట్టెలోనే ఉంది, పట్టా కాగితాల మధ్య, దేవుడి పటం దాచినట్టు దాచారు. దాని మీద ఇంగ్లీషు అక్షరాలు. ఇంగ్లీషు ఎవరికొచ్చని ఇంట్లో! రజితకు ఎముకల నొప్పులు ఎక్కువై పుట్టింటికి వెళ్ళినప్పుడు, మానుకోట సర్కారు దవాఖానలో లేడీ డాక్టరు పాత కాగితాలన్నీ చూపించమంటే ఇద్దరూ మూట కట్టుకుని తీసుకెళ్ళారు. చిన్న వయసు డాక్టరు, అలసిపోయిన మొహం. కాగితం ఒకసారి, రజిత మొహం ఒకసారి చూసింది. "నీ పేరేందమ్మా?" అంది. "రజిత." "మరి ఇది మున్నవర్ బేగం అని ఉన్నది. యాభై రెండేండ్లని ఉన్నది." డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకుంది. తెల్లబట్టకు వారం రోజుల గోలీలు చాలునని, ఆ తర్వాత ఎప్పుడో, తల వంచుకుని చెప్పింది. వారం రోజుల గోలీలు. రజిత ఏడవలేదు. దవాఖాన బయట వేపచెట్టు కింద కూర్చుని చీర కుచ్చెళ్ళు ఒక్కొక్కటీ సర్దుకుంది, మళ్ళీ చెరుపుకుని సర్దుకుంది. "ఎవ్వరికి చెప్పద్దు అత్తమ్మా. ఆయనకు గూడ చెప్పద్దు. నా ముచ్చట నలుగుట్ల వడద్దు" అంది. అప్పుడే ఒట్టు వేయించుకుంది. తనతో ఆ తర్వాత వంట సంగతి, పత్తి సంగతి తప్ప ఏదీ మాట్లాడలేదు. ఒక్క మాట అననూ లేదు. తిట్టినా బాగుండును.

ఇరవై ఎనిమిది. ముసలాయన, పళ్ళు లేవు. అన్నం కాస్త మెత్తగా పిసికి పెట్టింది.

అయినా ఊరుకోలేదు బాలనర్సమ్మ. ఒట్టు రజిత ముచ్చట చెప్పనని, మున్నవర్ బేగం ముచ్చట అడగనని కాదు కదా. కూరగాయల సంతకు వచ్చిన ప్రతిసారీ జనగామలో తురకల గల్లీలన్నీ తిరిగింది. ముగ్గురు మున్నవర్లు దొరికారు. మూడో ఆవిడ గాజుల దుకాణం ఫకీర్ అహ్మద్ భార్య, గుమ్మంలో కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తోంది. కాగితం చూపిస్తే చదివించుకుని, చాలాసేపు దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అవును, ఆమెదే. నాలుగేళ్ళ కింద కడుపు నొస్తోందని వెళ్ళి అక్కడ స్కానింగు తీయించుకుంది. కాగితం చేతికి ఇవ్వలేదు. నమ్మకం కుదరక హైదరాబాదు వెళ్ళి ఆపరేషన్ చేయించుకుంది, నిజంగానే గడ్డ. బతికింది. "నాది అస్లీ బీమారి అక్కా" అంది మున్నవర్ బేగం, "గా నా బీమారిని వట్టుకపోయి ఎంతమందికి పంచిండో గాడు!" చాయ్ పెట్టింది. ఇద్దరూ తాగారు. ఉల్లిగడ్డ ఘాటని చెప్పుకుంటూ ఇద్దరూ కళ్ళు తుడుచుకున్నారు.

మరిది లస్మయ్యకు ఆ పంచిన ముచ్చట మాత్రం చెప్పింది, ఆడవాళ్ళ పేర్లు లేకుండా. ఊళ్ళో ఉద్యమం నడిపేది అతనే, ఈ బంతి కూడా అతనే సాగించాడు, అదిగో బంతి మొదట్లో చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. లస్మయ్య మంచివాడే. విని నొచ్చుకున్నాడు, గడ్డం గోక్కున్నాడు. "నిజమే వదినె. కని గిప్పుడు గాదు. నిరాహార దీక్షలకు గాయన వచ్చి సెలైన్లు ఎక్కిస్తుండు, డాక్టర్లందరిని జమ జేస్తుండు. మనల మనం వట్టుకుంటె బయటోడు నవ్వుతడు. తెలంగాణ రానియ్యి, అప్పుడు జూద్దాం." రావాలి, తప్పకుండా రావాలి, దాని కోసమే కదా తెల్లవారుజాము నుంచి పొగలో కళ్ళు మండించుకుంది. కానీ వచ్చిన తెలంగాణలో వీడు ఎక్కడ కూర్చుంటాడు లస్మయ్యా? ముందు వరుసలో కూర్చోడూ? అప్పటికి ఇంకెంతమందికి పంచి ఉంటాడు?

ముప్పై మూడు, నాలుగు. మోకాళ్ళు పట్టేస్తున్నాయి. ముప్పై ఏడో విస్తరి ముందు లారీ డ్రైవరు, మంగీలాల్ అట, రాజస్థాన్ నుంచి పాలరాళ్ళు తెస్తూ నిన్నటి నుంచి ఇక్కడే చిక్కుకున్నాడు. అన్నం పడగానే చెయ్యి చాపాడు పాపం, పక్కవాడు మోచేత్తో ఆపాడు: ఆగాలి భయ్యా, ఆఖరి విస్తరి నిండేదాకా ఎవరూ ముట్టకూడదు, లస్మయ్య కానియ్యమనాలి, మా దగ్గర అంతే. డ్రైవరు సిగ్గుపడి చెయ్యి ఒళ్ళోకి లాక్కున్నాడు. బాలనర్సమ్మ గరిటె బకెట్‌లోనే ఆగిపోయింది. ఆఖరి విస్తరి నిండేదాకా. ఏమీ అననని కదా ఒట్టు వేసింది. పెడతానని ఎవరికీ మాటివ్వలేదు.

ముప్పై ఎనిమిది. ముప్పై తొమ్మిది. నలభై. వంగింది, పెట్టింది, లేచింది.

నలభై ఒకటో విస్తరి ముందు బకెట్ నడుముకు ఆనించుకుని నిలబడింది. మోదుగాకు విస్తరి, పచ్చగా, కడిగిన నీటిబొట్లు ఇంకా ఆరలేదు. వాడు తలెత్తి నవ్వాడు. కెమెరా దగ్గరికి జరిగింది. "పెట్టవ్వా, మన తెలంగాణ బువ్వ, జర ఎక్కువ పెట్టు" అన్నాడు కెమెరాకు వినబడేట్టు. ఆమె కదల్లేదు. నవ్వు అలాగే ఉంచుకుని మళ్ళీ అన్నాడు. ఆమె చూస్తూ ఉంది, వాడి విస్తరినే. రజిత వచ్చి పక్కన ఆగింది. ఉత్త విస్తరిలో పప్పుచారు ఎవరు పోస్తారు? గట్టమ్మా ఆగింది. బంతిలో మాటలు ఒక్కొక్కటే తగ్గిపోయాయి, నలభై తలలు ఇటు తిరిగాయి, ఒళ్ళో పెట్టుకున్న చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. అన్నం మీద ఆవిరి సన్నగిల్లుతోంది.

లస్మయ్య పరుగున వచ్చాడు. "ఏంది వదినె? బువ్వ అయిపోయిందా?" బకెట్‌లోకి చూశాడు, అడుగున ఇంకా తెల్లగా అన్నం ఉంది. వాడి మొహం చూశాడు, వదిన మొహం చూశాడు, అర్థమైంది. "వదినె, దండం వెడత. టీవీలున్నయి, ఆకలి మీదున్నరు అందరు. జర ఇజ్జత్ కాపాడు."

అటు చివర ఎక్కడో పసిపిల్ల ఏడుపందుకుంది. మంగీలాల్ తన అన్నం వైపు చూసి మింగిన గుటక ఇక్కడికి కనబడింది. నిన్నటి నుంచి తినలేదు వాడు. వాడేం చేశాడు? ముసలాయనేం చేశాడు? తన పగ కోసం ఇంతమంది నోటి ముందు ముద్దను ఆపిందా? అయినా చెయ్యి లేవడం లేదు, లేవనివ్వదు, మూడేళ్ళ బరువు ఉంది దాని మీద.

జగన్మోహన్ కండువా సర్దుకుంటున్నట్టు ముందుకు వంగాడు. గొంతు తగ్గించాడు, ఆ చల్లటి గదిలోని గొంతు, ఒక్క అక్షరం జారని గొంతు. "గుర్తుపట్టానమ్మా. తీసేయమన్నది నువ్వే కదా. ఆ అమ్మాయి వద్దంటున్నా వేలిముద్ర వేసింది నువ్వే. ఆ కాగితం నా దగ్గర భద్రంగా ఉంది."

బకెట్ జారబోయి మళ్ళీ నడుముకు తగిలింది. అబద్ధమైతే బాగుండును. వాడు జన్మలో చెప్పిన ఒకే ఒక్క నిజం అదేనేమో, అది పట్టుకుని కూర్చున్నాడు ఇన్నాళ్ళూ. బాలనర్సమ్మ కళ్ళ ముందు బంతి అంతా వాన కురిసినట్టు చెదిరిపోయింది. అవునురా, నేనే. ఇంక ఎవరి మీద పగ, ఎవరికి వడ్డించను, ఎవరికి మానను? చెయ్యి దానంతటదే అన్నంలోకి దిగింది, గరిటె నిండింది, పైకి లేచింది. నలభై ఒకటో విస్తరి వైపు వంగుతోంది.

పక్కన బకెట్ రోడ్డు మీద దించిన చప్పుడు. రజిత కొంగు నడుముకు దోపుకుంది. గొంతేమీ పెంచలేదు, పెరట్లో పక్కింటావిడతో మాట్లాడినట్టే మాట్లాడింది, కానీ బంతి ఈ చివరి నుంచి ఆ చివరిదాకా వినబడింది.

"ఆమె సంగతి ఇంట్ల నేను జూసుకుంట సారూ. నువ్వు లే."

జగన్మోహన్ లస్మయ్య వైపు చూశాడు. లస్మయ్య తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. కెమెరా వాడు ఎవరి వైపు తిప్పాలో తెలియక రజిత మీదే ఉంచాడు. ఆ పిల్ల కొంగు అడ్డం పెట్టుకోలేదు, తల తిప్పుకోలేదు. నలభై మంది చేతులు ఒళ్ళో పెట్టుకుని చూస్తున్నారు. జగన్మోహన్ ఒక అరచెయ్యి రోడ్డుకు ఆనించి లేచాడు. ప్యాంటు దులుపుకున్నాడు. లారీ పక్కగా నడిచి, లారీ వెనక్కి తిరిగి, కనబడకుండా పోయాడు.

"కానియ్యుండ్రి" అన్నాడు లస్మయ్య.

నలభై చేతులు ఒక్కసారి అన్నంలోకి దిగాయి. బాలనర్సమ్మ చేతిలో గరిటెడు అన్నం అలాగే ఉంది. దాన్ని తిరిగి బకెట్‌లో వేసింది. రజిత వైపు తిరగడానికి ధైర్యం చాలలేదు, పప్పుచారు బకెట్ ఎత్తుకుంటున్న చప్పుడు మాత్రం వింది. బంతి అయిపోతుంది, దేగిశలు కడుగుతారు, పొద్దు వాలుతుంది. ఊరు ఇక్కడికి ఏడు మైళ్ళు. బస్సుల్లేవు. ఇద్దరూ కలిసి నడిచే పోవాలి.